మూడు వేళ్ళ మేర

1962 ఫిబ్రవరి 19, సోమవారం

గుంటూరు నుంచి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. దారంతా ఆయన కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నారు. చిలకలూరిపేటలో బస్సు ఆగితే సోడా తాగుతారా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు.

డాక్టరమ్మ చెప్పింది— గుండెలో ఒక తలుపు బిగుసుకుపోయిందట. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం చేసిన పని. వెల్లూరులో ఆపరేషన్ చేస్తారు గాని, ఈ ఒంటితో తట్టుకోలేరట. రోజుకో మాత్ర. ఉప్పు బాగా తగ్గించాలి. బడికి వెళ్ళకూడదు.

ఆయన బయటికి వెళ్ళాక నన్ను వెనక్కి పిలిచింది. "మీ ఆయనకి బతకాలని లేదమ్మా. అదీ జబ్బే. ఆ దిగులు ఈ గుండెని ఇంకా కుంగదీస్తుంది. దానికి నా దగ్గర మందు లేదు."

అత్తకి మొదటి సగమే చెప్పాను.

ఫిబ్రవరి 21

ఈ నోటు పుస్తకం ఆయన ఇచ్చిందే. పెళ్ళయిన కొత్తలో— ఐదో తరగతి చదువు మర్చిపోకుండా రోజుకి నాలుగు వాక్యాలు రాయమని. ఎర్ర సిరాతో దిద్దేవారు. ఇప్పుడు ఎదురుగా పెట్టినా చూడరు. కాబట్టి ఇక ఏదైనా రాసుకోవచ్చు.

ఫిబ్రవరి 26

ఉప్పు లేని పప్పు. రెండు ముద్దలు. గోడ వైపు తిరిగారు.

మార్చి 4, ఆదివారం

శివరాత్రి. కోటప్పకొండకి ప్రభలు వెళ్తున్నాయి, వీధి అదిరిపోతోంది. మేం చర్చి నుంచి వచ్చి అరుగు మీద నిలబడ్డాం. ఆయన్ని కూడా తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది అత్త. ఎత్తైన ప్రభ ఒకటి కరెంటు తీగలకి తట్టుకుని ఆగింది. కింద జనం గోల. ఆయన చూడలేదు. కాళ్ళ దగ్గర నేల చూస్తున్నారు.

అక్కడ సిమెంటులో ఆయన చెయ్యి ఉంది. నాలుగేళ్ళ క్రితం అరుగు వేయించినప్పుడు, తడి ఆరక ముందే అరచెయ్యి అద్ది పెట్టారు. "బళ్ళో పాఠాలు చెబుతన్నావు, పిల్లచేష్టలు పోలేదేందిరా" అని అత్త తిట్టింది. అప్పుడు ఎంత నవ్వారో.

ఇప్పుడు ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు.

మార్చి 8, గురువారం

రోజంతా పడుకునే ఉంటే పరుపు అణిగిపోయింది. దూదేకుల మస్తాన్ సాయిబుని పిలిపించింది అత్త. పెరట్లో పరుపు విప్పి, విల్లుతో దూది ఏకుతున్నాడు. టింగ్... టింగ్... దూది లేచి లోపలికి పోయింది. ఆయనకి దగ్గు తెర. ఆయాసం.

సాయిబు విల్లు కింద పెట్టేశాడు. "లోపలికి రావచ్చా అమ్మా" అని అడిగి, చేతులు కడుక్కుని, మంచం పక్కన కూర్చున్నాడు. ఆయన రెండు మణికట్లూ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎసరు కాగేంత సేపు.

"మేష్టారూ, ఈడ ఎవురో కూర్చున్నట్టు ఉంటదా?" అని ఆయన రొమ్ము చూపించాడు.

ఆయన కళ్ళు తెరిచారు. "ఊఁ" అన్నారు.

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మార్చి 9

సాయిబు వయసులో ఉండగా రంగూన్ వెళ్ళాడట. ఒంటికి సూదులు గుచ్చి వైద్యం చేసే ఒక చైనావాడి కొట్లో ఊడ్చి, సూదులు ఉడకబెట్టి, తొమ్మిదేళ్ళలో పని నేర్చుకున్నాడు. యుద్ధంలో జపాను బాంబులు పడ్డప్పుడు అడవుల వెంట నడిచి వచ్చాడు. తెచ్చుకున్నది ఒక్క ఇత్తడి డబ్బా. అందులో సూదులు— వెంట్రుకలంత సన్నం.

"నేను డాక్టర్ని కాదమ్మా. గుండెలో తలుపు నా సూది తెరవదు. ఆ మాత్రలు మానొద్దు. దడ తగ్గుద్ది, నిద్ర పడద్ది. మీద కూర్చున్నదాన్ని కాస్త లేపుద్దేమో చూద్దాం."

అత్త— "పరుపులు కుట్టేవోడివి, మనుషుల్ని కూడా కుడతావా?"

సాయిబు— "పరుపైతే కదలకుండా ఉంటదమ్మా. మనుషులే కష్టం."

మార్చి 12, సోమవారం

ఎడమ చేతికి ఒకటి. కుడి చేతికి ఒకటి. చిటికెన వేలి వైపు మణికట్టు గీత మీద ఇంకొకటి. నెత్తురు రాలేదు. నేను తలుపు చాటున.

"లాగుతోందా మేష్టారూ? బరువుగా, తిమ్మిరిగా?"

"లాగుతోంది."

నిద్రపోయారు. పగలు! పొద్దు వాలేదాకా. అత్త మాటిమాటికీ వెళ్ళి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

మార్చి 29

సోమవారం, గురువారం— వారానికి రెండుసార్లు. దడ తగ్గింది అంటున్నారు. అడిగితే గాని అనరు, అయినా అంటున్నారు.

ఏప్రిల్ 9

"వంకాయ కూర చెయ్యి" అన్నారు. ఉప్పు లేకుండానే తిన్నారు, పళ్ళెంలో ఏమీ మిగల్చలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. కూర బాగా కుదిరినందుకు ఏడుస్తారా ఎవరైనా.

జూన్ 14, గురువారం

బడి తెరిచారు. పిల్లల గంట ఇక్కడికి వినపడుతుంది. ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. గుండీలు పెట్టుకుని, మంచం మీద కూర్చుని, మళ్ళీ ఒక్కొక్కటే విప్పుకున్నారు. చొక్కా అందుకుని చిలక్కొయ్యకి తగిలించాను.

సాయిబు వచ్చాడు. సూదులు పెట్టాడు. "మంచి రోజు ఒకటి, చెడ్డ రోజు ఒకటి. రెండూ వస్తయ్యి" అన్నాడు.

ఆగస్టు 2

మళ్ళీ గోడ వైపే. అయినా గురువారాలు కాస్త నయం.

సెప్టెంబరు 20, గురువారం

పత్తి చేతికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. సాయిబు ఇక పల్లెలు తిరగాలి. "నువ్వు నేర్చుకోమ్మా" అన్నాడు.

నాకా? అత్త— "నేర్చుకోవే. ఇంట్లో మనిషివి, నువ్వు కాకపోతే ఎవరు?"

సాయిబు అరుగు ఆ చివర. నేను గుమ్మంలో. అతను నా చెయ్యి ముట్టుకోడు, ముట్టుకోకూడదు. తన చేతి మీద తన వేళ్ళే పెట్టి చూపించాడు. మణికట్టు గీత నుంచి పైకి మూడు వేళ్ళు. ఆ మేర దాటిన చోట రెండు నరాల నడుమ సందు. నేను నా చేతి మీద అలాగే కొలుచుకున్నాను, పమిట కింద సగం దాచుకుని.

"సరిగ్గా అదే" అన్నాడు అక్కడి నుంచే.

ముందు దూది ఉండలో గుచ్చమన్నాడు. తర్వాత నా చేతిలో. కళ్ళు మూసుకుని గుచ్చుకున్నాను. నొప్పి కాదు. లోపల ఎవరో తాడు పట్టి లాగినట్టు. "వచ్చింది" అని అరిచాను. అరిచినందుకు సిగ్గుపడ్డాను.

సెప్టెంబరు 24

ఆయన చేతి మీద చెయ్యమంటే... సాయిబు ముందు, అత్త ముందు, పట్టపగలు ఆయన చెయ్యి ఎలా పట్టుకోను? "మీరు వెళ్ళాక పెడతాను" అన్నాను. సాయిబు నవ్వాడు. "చెయ్యే గదమ్మా." అయినా బలవంతపెట్టలేదు. వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

సాయిబు ఉండగా నేను పెట్టలేకపోయాను.

అక్టోబరు 27

కాఫీ హోటల్లో రేడియో చుట్టూ జనం. చైనాతో యుద్ధం. మనవాళ్ళు వెనక్కి వస్తున్నారట. పక్కింటి కోటమ్మక్క గోడ మీద నుంచి— "ఏందే సుగుణా, ఇంకా చైనా సూదులు పొడిపిస్తన్నారంట? ఆడ మనోళ్ళని చంపుతుంటే!"

లోపలి నుంచి అత్త— "మా సాయిబుది వినుకొండ. ఆడికి చైనా యాడుందో కూడా తెలవదు. నీ పని చూసుకో."

అత్త అలా అంటుందని నేను అనుకోలేదు.

నవంబరు 5, సోమవారం

బజారులో సాయిబుని "చైనా సాయిబూ" అని పిలుస్తున్నారట. ఎవరో దూది మూటలోకి నీళ్ళు పోశారు. పోలీసు ఒకడు ఇత్తడి డబ్బా తెరిపించి చూసి, నవ్వి ఇచ్చేశాడట. నవ్వితే ఏం... అందరి ముందూ గదా.

మాచర్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. డబ్బా నా ముందు పెట్టాడు. ఏడు సూదులు. "వారానికి రెండుసార్లు. ఉడకబెట్టి పెట్టు. అలవాటైందాకా ఓపిక పట్టు."

"ఎవడేమంటే ఏందయ్యా, నువ్వు రా" అంది అత్త. సాయిబు తల అడ్డంగా ఊపాడు. రానని అర్థం.

నవంబరు 8, గురువారం

అత్త చర్చికి వెళ్ళాక గడియ వేశాను. గీత నుంచి నా మూడు వేళ్ళు పెట్టి, సందు వెతికి, గుచ్చాను. రెండో చెయ్యి కూడా. చెమట పట్టింది.

"లాగుతోందా?"

గోడ వైపు చూస్తున్నారు. జవాబు లేదు.

నవంబరు 12

జవాబు లేదు.

నవంబరు 22

యుద్ధం ఆగిందట. హోటల్ దగ్గర మిఠాయి పంచారు. ఇంట్లో ఎప్పటిలాగే. లాగుతోందా అంటే కళ్ళు మూసుకుంటారు. దిగులు ఎక్కువై చెప్పడం లేదు కాబోలు. నా చేతిలో ఏదో లోపం ఉందేమో అని కూడా అనిపిస్తుంది... సాయిబు ఓపిక పట్టమన్నాడు.

డిసెంబరు 3, సోమవారం

రాత్రిళ్ళు దడ. దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెడుతున్నాం. పాదాలు వాచాయి. వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. మాత్ర ఇస్తే "ఎందుకు" అంటారు. ఒక్క మాటే. "ఎందుకు."

డిసెంబరు 13

పెట్టాను. తీశాను.

డిసెంబరు 25

క్రిస్మస్. చర్చి నుంచి బడి పిల్లలు పాడుకుంటూ వచ్చారు. "మేష్టారూ, మేష్టారూ" అని గుమ్మంలో కేకలు. ఆయన దుప్పటి తల మీదికి లాక్కున్నారు. అత్త పిల్లలకి అరిసెలు ఇచ్చి పంపించేసింది. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

1963 జనవరి 7, సోమవారం

గుంటూరు. ఒంట్లో నీరు తీసే ఇంజెక్షన్ చేశారు. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

సూదుల సంగతి చెప్పాను, భయపడుతూ. తిట్టలేదు. "నిద్ర పట్టేదా?" అంది. సాయిబు పెట్టినప్పుడు పట్టేదన్నాను. "నువ్వు పెడితే?"

బస్సులో ఇంటిదాకా అదే ప్రశ్న.

జనవరి 10

అత్తకి చెప్పాను— మాచర్ల వెళ్తానని. ఒక్కదాన్నే. నాకే నమ్మకం కలగలేదు ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే.

"యాడని ఎతుకుతావే?"

"అడుగుతాను."

"నువ్వా!" అంది. కొంగు ముడి విప్పి బస్సు చార్జీ చేతిలో పెట్టింది. "పోయిరా. నేను చూసుకుంటాలే ఆణ్ణి."

జనవరి 12, శనివారం

మాచర్ల. డ్యాము పనికి సిమెంటు లారీలు, దుమ్ము. బస్సు స్టాండులో ఒక సోడాకొట్టు ముసలమ్మని అడగడానికి మూడుసార్లు దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగోసారి ఆమే అడిగింది— "ఎవురు కావాలే నీకు, అట్టా తిరగతన్నావు?"

సాయిబు కూతురి ఇంటి ముందు గోనె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ముందు లేచాడు, తర్వాత గుర్తుపట్టాడు. "మేష్టారు?" అన్నాడు. ఉన్నారన్నాను.

అంతా చెప్పాను. లాగుతోందా అంటే పలకరని.

"యాడ గుచ్చుతన్నావో నీ చేతి మీద చూపించు."

చూపించాను. సరిగ్గానే ఉందన్నాడు. ఆలోచించాడు. ఆపైన— "ఎవురి వేళ్ళతో కొలస్తన్నావమ్మా?"

నా మూడు వేళ్ళు ఎత్తి చూపించాను.

సాయిబు నుదురు కొట్టుకున్నాడు. "ఆయన చేతికి ఆయన వేళ్ళే కొలతమ్మా! ఎవురి ఒంటికి వాళ్ళ వేళ్ళు. చిన్నోళ్ళకి చిన్న మేర, పెద్దోళ్ళకి పెద్ద మేర. నీ వేళ్ళు చిక్కుడుకాయల్లా ఉన్నయ్యి, ఆయనవి చూడు..."

ఆయన మూడు వేళ్ళు నా నాలుగు వేళ్ళంత.

పూలైనా, గుడ్డైనా, ఎసట్లో నీళ్ళైనా— నా చేతితోనే కొలిచాను పుట్టినప్పటి నుంచి. వేరే కొలత ఉంటుందని తట్టలేదు.

"తప్పు నాది" అంటున్నాడు సాయిబు. "నేను నీ చెయ్యి పట్టలేదు. ఆయన చేతి మీద నీ చేత పెట్టించనూ లేదు. మర్యాద చూసుకున్నా." కాదు, తప్పు నాది. ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని ఉంటే సాయిబు అక్కడే దిద్దేవాడు. రెండు నెలలు దాటింది. పద్దెనిమిదిసార్లు... ఇరవైసార్లు... ఉత్త చర్మంలో గుచ్చాను.

ఒక్కసారి రమ్మని అడిగాను. కూతురు టీ తెచ్చి ఇచ్చింది. అందుకోబోతే సాయిబు చెయ్యి వణికి సగం ఒలికింది. "సూది పట్టే చెయ్యి కాదమ్మా ఇప్పుడు" అన్నాడు. నవ్వబోయాడు.

జనవరి 13

చెప్పాను ఆయనకి. తప్పుచోట గుచ్చానని, సరైన చోట పడితే లాగుతుందని, మన్నించమని. "పర్లేదు" అన్నారు. ఆ పర్లేదు ఎవరికో.

జనవరి 14, సోమవారం

అత్త ఇంట్లో ఉండగానే, తలుపు తెరిచే ఉండగానే, ఆయన కుడి చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. మూడు వేళ్ళు దగ్గరకు చేర్చాను. ఎడమ మణికట్టు మీద ఆనించాను.

వేళ్ళు వాచి ఉన్నాయి. చేతులకి కూడా నీరు దిగింది. ఒకదాని పక్కన ఒకటి ఇమడవు. ఈ వాపుతో కొలిస్తే మేర ఎక్కడికో పోతోంది, మోచేతి వైపు. ఇది ఆయన కొలత కాదు.

"ఏమైంది" అన్నారు.

"వేళ్ళు వాచాయి."

"పాతవి కావాలా?" అన్నారు.

పరిహాసమో ఏమో తెలియలేదు. మొహంలో ఏమీ లేదు.

జనవరి 17

పెట్టలేదు. ఎక్కడ పెట్టాలో తెలియదు.

జనవరి 28, సోమవారం

మళ్ళీ ఇంజెక్షన్. వాపు రెండు రోజులు తగ్గి మళ్ళీ వచ్చింది. మాత్ర నాలుక కింద పెట్టుకుని నేను వెళ్ళాక ఉమ్మేస్తున్నారు. ఇవాళ దుప్పటి దులిపితే నాలుగు రాలాయి. ఆయనా చూశారు, నేనూ చూశాను. ఏరి, చెత్తలో పడేసి, కొత్తది ఇచ్చాను.

ఫిబ్రవరి 6

అరుగు కడుగుతున్నాను. నీళ్ళు నిలిచాయి— ఆయన చేతి గుంటలో. ఐదు వేళ్ళూ, మణికట్టు దాకా. ఆయన ఇరవై నాలుగేళ్ళప్పటి చెయ్యి. వాపు లేదు.

చీపురు కింద పెట్టి అలాగే కూర్చున్నాను.

పాతవి ఇక్కడే ఉన్నాయి.

ఫిబ్రవరి 7, గురువారం

తెల్ల దారం. సిమెంటులో మూడు వేళ్ళ మీద అడ్డంగా పరిచాను. వేళ్ళ మధ్య సందులు విడిచి, ఒక్కొక్క వేలి వెడల్పూ వేరుగా తీసి, మూడూ కలిపి, ముడి వేశాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు చూశారు. చూడనీ.

కోటమ్మక్క— "ఏందే, నేలకి కూడా వైద్యమా?"

"ఊఁ" అన్నాను.

దారం డబ్బాలో పెట్టాను. ఇవాళ ఆయాసం చాలా ఉంది. గుచ్చడానికి ధైర్యం చాల్లేదు.

ఫిబ్రవరి 18

అత్త రాత్రంతా మోకాళ్ళ మీద ప్రార్థన. పొద్దున లేవలేకపోతే నేను లేపాను. "నా మాట అసలు ఇనపడుతందో లేదో" అంది. దేవుడినో, కొడుకునో.

ఫిబ్రవరి 22, శుక్రవారం

శివరాత్రి మళ్ళీ వచ్చింది. ప్రభలు వెళ్తున్నాయి. ఆయన్ని అరుగు మీదికి తీసుకురాలేకపోయాం. కిటికీ తెరిచాను. మూయమన్నారు.

ఫిబ్రవరి 25, సోమవారం

ఇవాళ కాస్త తెరిపి. సూదులు ఉడకబెట్టాను. అత్త గుమ్మంలో కూర్చుంది, నేను వెళ్ళమనలేదు.

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎడమ చెయ్యి నా ఒళ్ళో. మణికట్టు గీత వాపులో పూడిపోయింది, వెతికి పట్టుకున్నాను. దారం ఒక కొస గీత మీద పెట్టి, పైకి పరిచాను. కొస ఎక్కడ ఆగిందో అక్కడ గోటితో నొక్కాను. నేను ఇన్నాళ్ళూ గుచ్చిన చోటికి వేలెడు దూరం పైన. నరాలు వాపు కింద లోతుగా... అయినా సందు తగిలింది. తగిలిందనే అనుకుంటున్నాను. స్పిరిట్ దూదితో తుడిచాను.

"లాగుతోంది" అన్నారు.

మెల్లగా, కళ్ళు తెరవకుండానే. "సుగుణా, లాగుతోంది. బాగా లాగుతోంది."

అత్త గుమ్మంలో "ప్రభువా" అంది. కొంగుతో మొహం కప్పుకుంది.

సూది ఇంకా నా చేతిలోనే ఉంది.

అత్తకి కనపడకుండా కొంచెం పక్కకి జరిగాను. గుచ్చాను. ఈసారి ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఎసరు కాగేదాకా ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత కూడా.